పొదల నేలలో దాగిన గింజలను లెక్కగట్టడం: బెంగళూరు చుట్టుపక్కల పనిచేసేవారికి

ముంగారు వానలు రెండు పడ్డాక వారం తిరక్కుండా బెంగళూరు దక్షిణ అంచులోని తురహళ్లి గుట్ట వాలులో ఎర్రమట్టి పచ్చబడుతుంది. ఆ మొలకలన్నీ నిరుడు రాలిన గింజలవే అనుకుంటాం గానీ, వాటిలో అంతకుముందు ఏళ్లవి కూడా ఉంటాయి. మట్టిలో బతికి ఉండి, అదను కోసం కాచుకున్న గింజలన్నిటినీ కలిపి విత్తన నిల్వ అంటాం. ఏడాది లోపే మొలిచో చచ్చో అయిపోయేది తాత్కాలిక నిల్వ. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ఉండేది స్వల్పకాలికం, ఐదేళ్లు దాటినది దీర్ఘకాలికం. ఎంత దీర్ఘం అంటే, 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇసుకలో గింజలు కలిపి 20 సీసాల్లో పూడ్చిపెట్టాడు. 2021లో తవ్వి తీసిన సీసాలో కూడా కొన్ని గింజలు మొలిచాయి.

వానలు అదను తప్పుతున్నకొద్దీ ఈ నిల్వ మీద భారం పెరుగుతుంది. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు నగరంలో చినుకు పడలేదు. అదే ఏడాది జూన్ 2న ఒక్కరోజులో 111 మి.మీ. కురిసింది. ఇలాంటి ఏళ్లను తట్టుకోవాలంటే మట్టి అడుగున సరుకు ఉండాలి. ఎంత ఉంది, ఏ మొక్కలది, వాన తీరు మారితే ఎంత మిగులుతుంది అని, మట్టి తెచ్చి ట్రేలలో పరిచి, లేచిన మొలకలను లెక్కపెట్టి తేల్చే పద్ధతి కింద ఇస్తున్నాం. ఒక డాబా, నలుగురు మనుషులు, ఆరు నెలల ఓపిక ఉంటే కాలేజీ విద్యార్థులైనా, చెరువు కమిటీ వాళ్లైనా చేయగలరు.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. బందారు, తంగేడు లాంటివి గింజల మీద బతుకుతాయి. కలివి, బలుసు, పరికి లాంటివి ఎక్కువగా మోడు నుంచీ వేరు నుంచీ చిగుర్చుకుంటాయి, వాటి గింజలు మట్టిలో నిలవ ఉండేది తక్కువ. అందుకని ట్రేలో కలివి మొలవలేదంటే ఆ గుట్ట మీద కలివి పని అయిపోయిందని కాదు. ట్రేలో లెక్క తక్కువగా వస్తే ముందుగా దిగులు పడాల్సింది గింజ మీద ఆధారపడిన జాతుల గురించే.

ఎప్పుడు తవ్వాలి

మొదట అడిగే ప్రశ్న ఏమిటో తేల్చుకోండి, తవ్వే నెల దాన్ని బట్టే ఉంటుంది. మొత్తం నిల్వ, అంటే తాత్కాలికం కూడా కలిపి కావాలంటే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు తవ్వాలి. అప్పటికి చాలావాటి గింజ రాలి ఉంటుంది, వేసవి జల్లులు ఇంకా మొదలుకావు. ఏళ్ల తరబడి నిలిచే నిల్వ మాత్రమే కావాలంటే తొలకరి మొలకలన్నీ లేచాక, కొత్త గింజ పడకముందు, అంటే జూలై చివర్లో తవ్వాలి. లంటానా (బయటి దేశం నుంచి వచ్చి గుట్టలను కమ్మేసిన పొద) మాత్రం ఈ లెక్కకు లొంగదు. తడి ఉంటే ఏ నెలలోనైనా పూసి కాస్తుంది కాబట్టి దాని అంకెను జూలై మట్టిలో కూడా ‘పాత నిల్వ’ అని రాయకూడదు.

చేతనైతే ఒకే స్థలంలో రెండుసార్లూ తవ్వండి. మార్చి అంకె నుంచి జూలై అంకె తీసేస్తే ఆ ఏడాది నిల్వ ఎంత ఖర్చయిందో తెలుస్తుంది, వాతావరణం గురించి మాట్లాడటానికి పనికొచ్చేది ఆ తేడానే.

అటవీ భూమిలో గుప్పెడు మట్టి తీయాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. బన్నేరుఘట్ట లాంటి జాతీయ ఉద్యానంలో అయితే వన్యప్రాణి విభాగం అనుమతి విడిగా తీసుకోవాలి, ఏనుగులు తిరిగే చోటు కనుక గార్డు లేకుండా లోపలికి పోకూడదు. దరఖాస్తులో ఎన్ని రంధ్రాలు, ఎంత లోతు, మొత్తం ఎన్ని కిలోలు అని రాస్తే పని త్వరగా తెములుతుంది. ఈ వ్యాసంలో చెప్పిన కొలతకు సుమారు 30 కిలోలు, చివర్లో చెప్పే వానల పరీక్ష కూడా చేస్తే మరో 15.

సామాను

మట్టి తీసే గొట్టానికి 2 అంగుళాల జీఐ పైపు 20 సెం.మీ. ముక్క చాలు. వెల్డింగ్ షాపులో ఒక అంచును బయటివైపు నుంచి గ్రైండ్ చేయించి పదును పెట్టించండి. లోపలివైపు గ్రైండ్ చేస్తే మట్టి నొక్కుకుపోయి లోతు తప్పు వస్తుంది. బయట 5 సెం.మీ. దగ్గర, 10 సెం.మీ. దగ్గర పెయింటుతో గీత గీయండి. ‘2 అంగుళాలు’ అనేది పేరుకే. లోపలి వ్యాసం సాధారణంగా 5.3 సెం.మీ. దగ్గర ఉంటుంది. స్కేలు పెట్టి మీ పైపును మీరే కొలుచుకోండి, తర్వాతి లెక్కంతా ఆ అంకె మీదే నడుస్తుంది. 5.3 అయితే ఒక్కో రంధ్రం వైశాల్యం 22 చదరపు సెం.మీ., 5 సెం.మీ. లోతుకు మట్టి 110 మి.లీ.

జల్లెడలు రెండు: 4 మి.మీ.ది ఒకటి, 212 మైక్రాన్లది (మి.మీ.లో సుమారు ఐదోవంతు) ఒకటి. రెండోది ల్యాబ్ సామాను అమ్మే చోట దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే, కానీ దానికి బదులు టీ వడకట్టే జాలీ పనికిరాదు. పర్పాటకం జాతి గింజలు మి.మీ.లో మూడోవంతు ఉంటాయి, అన్నీ జారిపోతాయి.

ఇవి కాక 30×40 సెం.మీ. ట్రేలు కనీసం 34 (అడుగున రంధ్రాలు ఉన్నవి), ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), 50 శాతం షేడ్‌నెట్, చెక్క సుత్తి, గుడ్డ సంచులు, పళ్లపుల్లలు, పెన్సిలు. పెన్నుతో రాసిన లేబుల్ రెండు నెలల్లో ఎండకు వెలిసిపోతుంది, పెన్సిలు రాత పోదు.

మట్టి తీయడం

గింజలు నేలంతా సమంగా పరుచుకుని ఉండవు. బందారు రెక్కల కాయ గాలికి దొర్లి పొద మొదట్లో ఆగుతుంది. వాననీటికి కొట్టుకొచ్చిన గింజ పొద చుట్టూ ఉన్న మట్టిదిబ్బలో చిక్కుకుంటుంది. చీమలు మోసుకొచ్చి పుట్ట వాకిట్లో కుప్ప పోస్తాయి. మీ గొట్టం ఆ కుప్ప మీద పడితే వందలు, అడుగు పక్కన పడితే సున్నా. అందువల్ల పెద్ద గుంటలు నాలుగు తవ్వడం కంటే చిన్న రంధ్రాలు వంద వేయడమే మేలు.

ఒక స్థలంలో 5×5 మీటర్ల గడులు 10 గుర్తించండి. గడికీ గడికీ కనీసం 30 మీటర్ల ఎడం ఉండాలి, మొత్తం వాలు పైనుంచి కిందిదాకా చెదిరి ఉండాలి. ఒక్కో గడిలో 10 రంధ్రాలు: ఐదు పొదల గొడుగు కింద, ఐదు బయలు చోట. పైన ఉన్న పెద్ద ఆకులను చేత్తో తీసి పక్కన వేయండి. సన్నటి చెత్త మాత్రం గొట్టంలోకి రానివ్వండి, అందులోనూ గింజలుంటాయి. గొట్టాన్ని సుత్తితో 5 సెం.మీ. గీత దాకా దింపి, తిప్పి, బయటికి తీసి గుడ్డ సంచిలో వేయండి. అదే రంధ్రంలో మళ్లీ 10 గీత దాకా దింపితే కింది పొర వస్తుంది.

ఇలా గడికి మూడు సంచులవుతాయి. పై పొర పొద కింద, పై పొర బయలు, ఒక్కోటి 550 మి.లీ. కింది పొర పదీ కలిపి 1.1 లీటర్లు. కింది పొర ఎందుకంటే, పైన లేకుండా కింద మాత్రమే దొరికిన గింజ పాతదని అనుకోవచ్చు. అనుకోవచ్చు అంతే. ఎండకు బీటలిచ్చిన నేలలో నిన్నటి గింజ కూడా కిందికి జారుతుంది.

రెండో గీత దగ్గరకు వచ్చేసరికి పై మట్టి జారి రంధ్రంలో పడటం అందరికీ జరిగే పొరపాటు. గొట్టం దించే ముందు రంధ్రం అడుగున ఊడిపడిన మట్టిని చెంచాతో తీసి పై పొర సంచిలో వేయండి. గులకరాళ్లు మరీ ఎక్కువై గొట్టం దిగకపోతే సుత్తితో బాది లాభం లేదు, అంచు వంకర పోతుంది. అక్కడ 10×10 సెం.మీ. ఇనుప చట్రం పెట్టి తాపీతో 5 సెం.మీ. లోతు గీకండి. వైశాల్యం మారింది కాబట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంటికి తెచ్చిన మట్టిని నీడలో పరిచి ఆరబెట్టండి. తడి సంచిని మూట కట్టి రెండు రోజులుంచితే లోపలే మొలకలు వచ్చి బూజు పడతాయి. ఎండలో ఆరబెడితే ఇంకో తప్పు: డాబా గచ్చు వేడికి తంగేడు, తుత్తురుబెండ లాంటి గట్టి తొడుగు గింజల నిద్ర చెడుతుంది, మీ అంకె నేలలోని నిజానికంటే పెరుగుతుంది. చల్లని దేశాల పద్ధతులు చూసి మట్టిని రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. మంచు కరిగాక మొలిచే గింజకు ఆ అవసరం. మన గుట్టల గింజకు కావలసింది పొడి, వేడి, ఆ తర్వాత తడి.

కడిగి పరచడం

మట్టిని నేరుగా మందంగా పరిస్తే అడుగు గింజలకు వెలుతురు అందదు, సన్న గింజల్లో చాలావాటికి వెలుతురే మేలుకొలుపు. అందుకే కడగాలి. ఒక సంచి మట్టిని బకెట్ నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, చేత్తో గడ్డలు చిదిపి, పైన 4 మి.మీ., కింద 212 మైక్రాన్ల జల్లెడలు పెట్టి సన్నటి ధారతో కడగండి. బంకమన్ను ఎర్రనీళ్లై పోతుంది. పై జల్లెడలో మిగిలిన గులకను పారేయకండి, ఒక పళ్లెంలో పోసి చూడండి. రేగు, పరికి, బలుసు టెంకలు అక్కడే చిక్కుతాయి. ఏరి విడిగా నాటాలి. కింది జల్లెడలో మిగిలిందే ట్రేలోకి వెళ్లే సరుకు.

నల్లరేగడిలో ఇలా కడిగితే బకెట్ మట్టి గిన్నెడు అవుతుంది. బెంగళూరు చుట్టూ గ్రానైటు, నైసు రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్ర ఇసుక నేల కాబట్టి అంతగా తగ్గదు, ఇసుక మిగిలిపోతుంది. 550 మి.లీ. మొత్తం మిగిలినా 30×40 ట్రేలో 5 మి.మీ. మందం లోపే పడుతుంది. కింది పొర 1.1 లీటర్లు కడిగాక 600 మి.లీ. దాటితే రెండు ట్రేలకు పంచండి.

ట్రే అడుగున ఇసుక, కోకోపీట్ సమపాళ్లలో 3 సెం.మీ. పోయాలి. ఒక్కో ట్రేకు 3.6 లీటర్లు. దీన్ని ఇడ్లీ ఉడికించినట్టు ఆవిరి మీద గంటసేపు ఉంచి చల్లార్చాకే వాడాలి. వర్మీకంపోస్టు అస్సలు కలపొద్దు, దాంట్లో ఉన్నన్ని కలుపు గింజలు మీ గుట్ట మట్టిలో ఉండవు. నర్సరీ నుంచి వచ్చిన ఏ కుండీ మట్టికైనా ఇదే మాట.

నాలుగు ట్రేలలో మీ నమూనా వేయకుండా ఉడికించిన ఇసుక, కోకోపీట్ మాత్రమే ఉంచండి. ఇవి కాపలా ట్రేలు. మిగతావాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెట్టాలి. వాటిలో గడ్డిచేమంతి మొలిస్తే అది గాలికి వచ్చింది, పులిచింత మొలిస్తే పక్క కుండీ నుంచి చిట్లి పడింది. అలాంటి జాతిని మిగతా ట్రేల లెక్కలోంచి కూడా తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది. కాపలా ట్రేల సగటును తీసివేయండి, జాతినే కొట్టేయకండి.

మొలిపించడం

ట్రేలను డాబా గచ్చు మీద పెట్టొద్దు. మధ్యాహ్నం గచ్చు వేడి అడుగు నుంచి ఎక్కి వేళ్లు ఉడుకుతాయి. బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచండి, మిఠాయి డబ్బా కింద పెట్టినట్టే. గింజలు మోసుకుపోయే చీమలకు వేరే మందు లేదు. పైన షేడ్‌నెట్ పావురాలనూ ఆపుతుంది. వానాకాలంలో పెద్ద ఆఫ్రికా నత్తలు రాత్రికి రాత్రే ట్రే నాకేస్తాయి, చీకటి పడ్డాక టార్చి వేసి ఏరడమే దారి.

నీళ్లు రోజుకు రెండుసార్లు సన్నటి జల్లుగా, మట్టి పైభాగం ఎప్పుడూ తడిగా ఉండేలా. నిలవ మాత్రం ఉండకూడదు, మొలక మెడ దగ్గర నల్లబడి ఒరిగిపోయే తెగులు నిలవ నీటి వల్లే. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి లెక్కపెట్టండి. జాతి తేలిన మొలకను రాసుకుని వెంటనే పీకేయండి, లేకపోతే దాని నీడలో పక్కవి లేవవు. తేలనిదాని పక్కన పళ్లపుల్ల గుచ్చి ‘తెలియనిది 7’ అని నంబరు ఇవ్వండి. ఆ రకం ఒకటి రెండు మొక్కలను చిన్న కుండీల్లోకి మార్చి పూసేదాకా పెంచాలి.

ఆరేడు వారాలకు కొత్త మొలకలు ఆగిపోతాయి. చాలామంది ఇక్కడే ముగించేస్తారు, అది తొందరపాటు. నీళ్లు ఆపి రెండు వారాలు ట్రేలను ఎండనివ్వండి. పైన పట్టిన నాచు పొరను చిదిపి, మట్టిని కలియబెట్టి, మళ్లీ తడపండి. రెండో కెరటం వస్తుంది. అదీ ఆగాక జిబ్బెరెల్లిక్ ఆమ్లం (నిద్రలో ఉన్న గింజను లేపే మొక్కల హార్మోను) లీటరుకు అర గ్రాము చొప్పున ఒకసారి చల్లండి. అది నీళ్లలో సులువుగా కరగదు, ముందు కొద్దిపాటి స్పిరిట్‌లో కరిగించుకోవాలి. మొత్తం ఆరు నెలలు.

ఆఖరున ట్రేల మట్టిని మళ్లీ 212 మైక్రాన్ల జల్లెడలో కడిగి, మిగిలిన గింజలను భూతద్దం కింద ఏరండి. పట్టకారుతో నొక్కితే పొడైపోయేది, బోలుగా ఉండేది చచ్చినది. గట్టిగా, లోపల తెల్లగా ఉన్నది బతికి ఉన్నట్టు. అనుమానం ఉన్నవాటిని చీల్చి 1 శాతం టెట్రాజోలియం ద్రావణంలో 30 డిగ్రీల దగ్గర చీకట్లో ఒక రోజు ఉంచితే బతికున్న పిండం ఎర్రబడుతుంది. లంటానా టెంకకు ఈ పని తప్పనిసరి, మొలక లెక్క ఒక్కటే చూస్తే దాని నిల్వ ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది.

మొలకలను గుర్తుపట్టడం

పెద్ద మొక్కలు తెలిసినవాళ్లు కూడా మొలకల దగ్గర తడబడతారు. ముందుగా గుట్ట మీద తెలిసిన మొక్కల కాయలు కోసి, విడి కుండీల్లో మొలిపించి, బీజదళాలతో (గింజలోంచి మొదట విచ్చుకునే దళాలు) ఒకటి, మొదటి ఆకుతో ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి. గోడకు అంటించిన ఆ ఫొటోల పట్టీ కంటే మంచి పుస్తకం ఉండదు.

కొన్ని గుర్తులు: బందారు గింజలో పిండం చుట్ట చుట్టుకుని ఉంటుంది, అందుకే దాని బీజదళాలు పొడుగ్గా, సన్నగా, రిబ్బను ముక్కల్లా విచ్చుకుంటాయి. తంగేడు బీజదళాలు మందంగా గుండ్రంగా ఉండి, ఆ వెంటనే ఈనెకు రెండు వైపులా చిట్టి ఆకులున్న ఆకు వస్తుంది. లంటానా ఆకులు ఎదురెదురుగా, గరుకుగా ఉంటాయి, గోటితో నలిపితే ఆ ఘాటు వాసన తెలిసిపోతుంది. కాంగ్రెస్ గడ్డి, అంటే వయ్యారిభామ, మొదట మామూలు ఆకులతో మొదలై తర్వాత చీలికల ఆకులతో నేలకు అంటుకుని చక్రంలా పరుచుకుంటుంది. గడ్డి, తుంగ జాతులను పూత వచ్చేదాకా కదపకండి. పేరు తేలనివాటిని ఎండబెట్టి నొక్కి, భారతీయ విజ్ఞాన సంస్థ హెర్బేరియం వాళ్ల కర్ణాటక వృక్షజాలం వెబ్‌సైటులో పోల్చి చూసుకోవచ్చు.

వాన తీరు మార్చి చూడటం

గడుల చుట్టుపక్కల నుంచి పై పొర మట్టి ఇంకో 10 లీటర్లు తెచ్చి, బాగా కలిపి, 500 మి.లీ. చొప్పున 15 ట్రేలకు పంచండి. మూడు వరసలు, ఒక్కో వరసకు ఐదు. ఈ పరీక్షను వాన పడని ప్లాస్టిక్ కప్పు కింద చేయాలి. 30×40 ట్రే వైశాల్యం 0.12 చదరపు మీటర్లు కాబట్టి 1 మి.మీ. వాన అంటే 120 మి.లీ. నీళ్లు.

మొదటి వరసకు రోజూ 5 మి.మీ., అంటే 600 మి.లీ. రెండో వరసకు అదే మొత్తం ఐదు రోజులకోసారి ఒక్కసారిగా, 25 మి.మీ., 3 లీటర్లు, పూలజారీతో పోయాలి. మూడో వరసకు మూడు రోజుల్లో 30 మి.మీ. పోసి, పదిహేను రోజులు చుక్క కూడా పోయకుండా ఉంచి, ఆ తర్వాత మొదటి వరసలాగే నడపాలి. ఈ మూడోదే అబద్ధపు తొలకరి. ఏప్రిల్‌లో ఒక మంచి జల్లు ఆశపెట్టి, మే అంతా ఎండగట్టే ఏళ్ల తీరు అది.

ప్రతి మొలకకూ లేచిన రోజే పుల్ల గుచ్చండి. ఇక్కడ చూడాల్సిన అంకె ఎన్ని లేచాయనేది కాదు, లేచినవాటిలో రెండో జత ఆకు రాకముందే ఎన్ని ఎండిపోయాయి, మట్టిలో ఇంకా ఎన్ని మిగిలాయి అన్నది. గట్టి తొడుగు గింజల్లో కొన్ని మాత్రమే మొదటి తడికి కదులుతాయి, మిగతావి మరుసటి అదనుకు ఆగుతాయి. తొడుగు పలచటి జాతులు ఉన్నదంతా మొదటి జల్లుకే ఖర్చుపెట్టేస్తాయి.

దీని ప్రభావం ఎంతో ఊహా లెక్కతో చూడండి. 1000 గింజలున్నాయి, కొత్త గింజ రాలేదు. ఏటా 30 శాతం మొలిచి, మిగిలినవాటిలో 20 శాతం చస్తే మూడేళ్లకు 1000 కాస్తా 560, 314, 176 అవుతుంది. అబద్ధపు తొలకరులు ఏటా 60 శాతాన్ని మొలిపించి చంపితే 320, 102, 33.

వేడి సంగతి కూడా చూడాలంటే ఇంకో ఐదు ట్రేల చుట్టూ పారదర్శక పాలికార్బొనేట్ గోడ, పైన తెరిచి, నిలబెట్టండి. ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. మట్టిలో 1 సెం.మీ. లోతున థర్మామీటరు పెట్టి నిజంగా ఎంత పెరిగిందో రాయకపోతే ఈ పరీక్ష దండగ. గోడ గాలిని కూడా ఆపుతుంది కనుక తడి ఎక్కువసేపు నిలవొచ్చు. ఆ ట్రేలను తూకం వేసి నీళ్లు సరిచేయాలి. విత్తన శాస్త్రంలో ఒక మోటు సూత్రముంది: నిలవ ఉంచిన గింజకు 5 డిగ్రీల వేడి పెరిగినా, లోపలి తేమ 1 శాతం పెరిగినా ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మట్టిలో అచ్చంగా అలాగే జరగదు గానీ, పొద నరికేసిన బయలు నేలలో గింజ ఎందుకు త్వరగా పాడవుతుందో దాంతో అర్థమవుతుంది.

అంకెలు

గడికి పై పొరలో 10 రంధ్రాల వైశాల్యం 220 చదరపు సెం.మీ., అంటే 0.022 చదరపు మీటర్లు. కాబట్టి ఆ గడిలో ఒక్క మొలక అంటే చదరపు మీటరుకు 45 గింజలు. పొద కింది ఐదు రంధ్రాలనే విడిగా చూస్తే ఒక్క మొలకకు 91. ఈ అంకె చూసి మురిసిపోకండి. పది గడులలో కలిపి ఒకే ఒక్క తంగేడు మొలక వస్తే చదరపు మీటరుకు 4.5 అని రాయాల్సి వస్తుంది, దానికి అర్థం ‘ఉంది’ అని మాత్రమే. ఇంతకంటే పలచగా ఉన్న జాతులు మీకు కనపడనే కనపడవు. గణాంకాలకు గడి ఒక యూనిట్, రంధ్రం కాదు. వంద రంధ్రాలు వేశాం కాబట్టి వంద నమూనాలని రాస్తే మొత్తం నివేదిక కొట్టుకుపోతుంది. సున్నాలు ఎక్కువ, రెండు గడుల్లో మాత్రం వందలు వచ్చినప్పుడు సగటుతో పాటు మధ్యగతం కూడా ఇవ్వండి.

అవే గడుల్లో పైన ఉన్న మొక్కల జాబితా కూడా రాసుకుని ఉండాలి: పొదలకు గడి మొత్తం, చిన్న మొక్కలకు అందులో 1×1 మీటరు చతురాలు రెండు. పైన 24 జాతులు, మట్టిలో 30, రెండింటా ఉన్నవి 12 అయితే పోలిక 2×12ను 54తో (24+30) భాగిస్తే 0.44. పొదల నేలల్లో ఈ అంకె తక్కువగా రావడం మామూలే, మట్టిలో ఉండేది ఎక్కువగా తుమ్మి, వెంపలి, తుంగ, గడ్డి లాంటివి.

బెంగళూరు దగ్గర ఎక్కువమంది ఈ పని మొదలుపెట్టేది లంటానా పీకించే ముందు. పీకిన చోట మట్టిలో ఏముందో తెలియకుండా జేసీబీ తెప్పిస్తే, 5 సెం.మీ.లో ఉన్న గింజ 30 సెం.మీ. మట్టిలో ఆరోవంతుకు పలచబడుతుంది, చాలావరకు మొలవలేని లోతుకు పోతుంది. లంటానాను మోడు కింద వేరు కోసి తలకిందులుగా పెట్టడమే మంచిది. ట్రేలలో గుట్ట జాతులు బాగా వచ్చి లంటానా తక్కువగా ఉంటే రెండు మూడు వానాకాలాలు మొలకలు పీకుతూ కాపలా కాస్తే చాలు. కాంగ్రెస్ గడ్డి వందల్లో వచ్చి మిగతావి లేకపోతే పీకేముందే బోద గడ్డి, తంగేడు గింజ సేకరించి పెట్టుకోవాలి. కాంగ్రెస్ గడ్డిని తినే మెక్సికో పెంకుపురుగును మొదట వదిలింది బెంగళూరులోనే, 1984లో. ఆకులు జల్లెడ చేస్తుంది నిజమే, కానీ మట్టిలో పడ్డ గింజను అది ముట్టదు. అందుకే నలభై ఏళ్ల తర్వాత కూడా ఏటా తొలకరికి ఖాళీ సైట్లన్నీ తెల్లగా పూస్తున్నాయి. పొదలు కావాలంటే గింజ కోసం చూడకుండా నరికిన మోళ్లను కాపాడండి, మేకలు తినకుండా రెండేళ్లు ముళ్లకంచె వేస్తే కలివి, పరికి తమంతట తామే లేస్తాయి.

మళ్లీ అదే గడిలో తవ్వాలనుకుంటే పాత రంధ్రాలకు అర మీటరు దూరం జరగండి, పాత గుంటలను పక్క మట్టితో కాకుండా ఇసుకతో పూడ్చి ఉంచితే గుర్తూ దొరుకుతుంది. పని ముగిశాక ట్రేల మట్టిని గుట్ట మీదికి తిరిగి తీసుకెళ్లకూడదు, డాబా కలుపు దాంతో పాటే వెళ్తుంది. తడిపి, పలచగా పరిచి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి ఏప్రిల్, మే నెలల్లో ఆరు వారాలు ఎండకు వదిలేయండి. తర్వాత గుప్పెడు తీసి ఒక ట్రేలో తడిపి రెండు వారాలు చూడండి. కాంగ్రెస్ మొలక ఒక్కటి లేచినా షీటు మళ్లీ కప్పాలి.